రెండో పాత్ర

పుత్తూరుకు కొన్ని మైళ్ల దూరంలో ఉన్న మా ఊరి చర్చిలో, నా చిన్నతనంలో, నెలలో మొదటి ఆదివారం ప్రభు భోజన సంస్కారం, అంటే యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, జరిగేది. సున్నం కొట్టిన గోడలు, పెంకుల కప్పు, ముందు నాలుగు బెంచీలు, వాటి వెనుక చాపలు. బల్ల మీద ఉతికి గంజి పెట్టిన తెల్లగుడ్డ, దాని కింద రొట్టె, పక్కన రెండు పాత్రలు ఉండేవి. ఒకటి దొరల కాలం నాటిది, వెండిపూత పూసినది, కింద పొడవాటి కాడ ఉన్నది. రెండోది స్టీలు గ్లాసు, అంచు దగ్గర చిన్న సొట్ట పడినది. అయ్యగారు రెండింటి మీదా చేతులు చాపి, ఒకే ప్రార్థనతో, ఒకే మాటతో ఆశీర్వదించేవారు. ఆ తరువాత వెండి పాత్ర బెంచీల వైపుకు వెళ్లేది, స్టీలు గ్లాసు చాపల వైపుకు వచ్చేది. బెంచీల మీద పై వాడ వాళ్లు కూర్చునేవారు. చాపల మీద కూర్చునేవాళ్లం మేము, తోలుపని చేసిన ఇళ్ల వాళ్లం. ఊరి లెక్కలో ఆ రెండూ ఆది ఆంధ్రవాడలే, అంటే దళితవాడలే, రెండూ ఊరి బయట ఉన్నవే. కానీ వాటి మధ్య ఒక బండిబాట ఉండేది, ఆ బాట చర్చి లోపలి దాకా వచ్చేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా చిన్నాయనను అడిగాను, రెండు పాత్రలెందుకని. "జనం ఎక్కువ గదా నాయనా, ఒకటి చాలదు" అన్నాడు. ఆ రోజు చర్చిలో ఉన్నవాళ్లు నలభై మందికి మించరు. మా అవ్వ ఏమీ అనలేదు. గ్లాసు తన దగ్గరికి వచ్చే ముందు ఆమె ప్రతిసారీ చీర కొంగుతో పెదవులు గట్టిగా తుడుచుకునేది. ఆ తుడుచుకోవడం భక్తి అని నేను చాలా కాలం అనుకున్నాను. తన నోటి వల్ల ఏదైనా మైలపడుతుందన్న భయం ఒక జీవితకాలం పాటు ఆమెకు నేర్పబడిందని, ఆ భయాన్ని ఆమె ప్రభువు బల్ల దగ్గరికి కూడా మోసుకొచ్చిందని తెలిసేసరికి ఆమె లేదు.

క్రైస్తవ దైవశాస్త్రానికీ, సంస్కృతికీ, రాజకీయానికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడేటప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చేది ఆ గ్లాసే. మా సంఘాలలో చాలామంది దైవశాస్త్రం అంటే పరలోకానికి సంబంధించినదనీ, రాజకీయం అంటే ఓటుకు సంబంధించినదనీ, సంస్కృతి అంటే బొట్టు, గాజులు, పండుగల వంటి విషయాలలో ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు అన్న జాబితా అనీ అనుకుంటారు. నేను అలా అనుకోలేను. ఎవరు ఎవరితో కలిసి తింటారు, ఎవరి ఎంగిలి ఎవరు ముట్టుకుంటారు అన్నదే మన దేశంలో సంస్కృతికి పునాది, రాజకీయానికీ పునాది. యేసుప్రభువు తన జ్ఞాపకార్థం చేయమని ఆజ్ఞాపించినది సరిగ్గా ఆ చోటనే వచ్చి కూర్చుంటుంది: ఒక రొట్టె, ఒక పాత్ర, అందరూ.

మా జిల్లాకు సువార్త తెచ్చినవాళ్లకు ఈ విషయం తెలియక కాదు. 1853లో స్కడ్డర్ సోదరులు ఆర్కాటు మిషన్‌ను స్థాపించారు. వేలూరు, చిత్తూరు, తరువాత మదనపల్లె ఆ మిషన్ కేంద్రాలయ్యాయి. వాళ్లను పంపినది అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి, అంటే డచ్చి వలసదారులు స్థాపించుకున్న సంఘం. వాళ్లు రావడానికి ముందే దక్షిణాది మిషనరీల మధ్య కులం గురించి పెద్ద తగాదా నడిచింది. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ కులాన్ని సంఘంలో నిర్ద్వంద్వంగా, వెంటనే, శాశ్వతంగా వదిలిపెట్టాలని ఉత్తరం రాస్తే, తంజావూరులోనూ మద్రాసులోనూ ఎందరో విశ్వాసులు సంఘాన్నే వదిలి బయటికి వెళ్లారు. 1847లో మధురలోని అమెరికన్ మిషన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, కులాన్ని వదిలామన్న మాట నోటితో చెబితే చాలదనీ, కులంతో పనిలేకుండా వండిన అన్నం కలిసి కూర్చుని తిని చూపించాలనీ తీర్మానించింది. దానికి ఒప్పుకోని ఉపదేశకులు ఉద్యోగాలు వదులుకున్నారు కానీ ఆ పంక్తిలో కూర్చోలేదు.

అవతలి వైపు లైప్‌జిగ్ లూథరన్ మిషన్ ఉండేది. కులం మతానికి సంబంధించినది కాదు, అది లోకవ్యవహారం, యూరపులో ప్రభువులూ రైతులూ ఉన్నట్టే ఇక్కడ కులాలు ఉన్నాయి, దాన్ని సువార్త నెమ్మదిగా లోపలి నుంచి కరిగిస్తుంది, మనం బలవంతం చేయకూడదు అన్నది వాళ్ల వాదన. దాని వెనుక బలమైన దైవశాస్త్రమే ఉంది. దేవుడు లోకాన్ని రెండు చేతులతో పాలిస్తాడనీ, ఒక చేతిలో సువార్త, మరొక చేతిలో రాజదండం ఉంటాయనీ, రెండింటినీ కలపకూడదనీ లూథరు చెప్పిన మాట అది. రాజులు సంఘం నెత్తిన కూర్చోకుండా, సంఘం రాజుల నెత్తిన కూర్చోకుండా ఆ బోధ కొంత మేలు చేసింది కూడా. కానీ అదే బోధను తెచ్చి కులం మీద పరిస్తే, కులం మొత్తం రాజదండం వైపుకు జరిగిపోయింది, సువార్తకు దాన్ని తాకే హక్కు లేకుండా పోయింది. ఒక మంచి సిద్ధాంతం చెడ్డ చోట పడితే ఎంత నష్టం చేస్తుందో తెలుసుకోవడానికి నాకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ కనిపించలేదు. తాత్త్వికంగా అమెరికన్లు గెలిచారని మా పాఠ్యపుస్తకాలు చెప్పుకుంటాయి. పల్లెల్లో మాత్రం లైప్‌జిగ్ వాదనే గెలిచింది, ఆ పేరు ఎవరూ విని ఉండకపోయినా.

తొలి సంఘాల కాలపు అపొస్తలుడు పౌలు ఈ తగాదాను ముందే చూశాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో అంతియొకయ సంగతి ఉంది. యేసు శిష్యుడు పేతురు అన్యజనులలో, అంటే యూదులు కానివాళ్లలో నుంచి వచ్చిన విశ్వాసులతో కలిసి భోంచేస్తూ ఉండేవాడు. యెరూషలేము నుంచి యాకోబు దగ్గరి మనుషులు కొందరు వచ్చేసరికి భయపడి, వెనక్కి తగ్గి, వేరే కూర్చున్నాడు. బర్నబా కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. పేతురు ఏ సిద్ధాంతాన్నీ కాదనలేదు. క్రీస్తు ప్రభువు కాదనలేదు, పునరుత్థానం జరగలేదనలేదు. పంక్తి మార్చాడు, అంతే. పౌలు దాన్ని మర్యాద లోపం అనలేదు, సువార్త సత్యాన్ని అనుసరించి నడుచుకోకపోవడం అన్నాడు, అందరి ఎదుటా నిలదీశాడు. విశ్వాసం వలన నీతిమంతులుగా తీర్చబడడం అనే మహా సిద్ధాంతాన్ని ఆ పత్రికలో పౌలు మొదట వివరించేది ఈ భోజనం గొడవ చెప్పిన వెంటనే. మన ప్రసంగాలలో ఆ సిద్ధాంతం మాత్రం ఉంటుంది, ఆ అన్నం ఉండదు. "యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు" అన్న వాక్యాన్ని మా చర్చి గోడ మీద నీలిరంగుతో రాశారు. దాని కింద నుంచే రెండు పాత్రలు రెండు దారులు పట్టేవి.

ఇలాంటిదే ఇంకొక దేశంలో జరిగి, అక్కడి నుంచి ఒక రాజ్యవ్యవస్థగా ఎదిగిన సంగతి నేను చాలా ఆలస్యంగా చదివాను. దక్షిణాఫ్రికాలోని డచ్చి రిఫార్మ్‌డ్ సంఘం 1829లో, ప్రభువు బల్ల దగ్గర రంగు భేదం లేకుండా అందరికీ కలిపే ఇవ్వాలని తీర్మానించింది. 1857కు వచ్చేసరికి కొందరు తెల్లవాళ్లు నల్లవాళ్లతో కలిసి ఆ బల్ల దగ్గరికి రామన్నారు. అప్పుడు మహాసభ చేసిన తీర్మానం చదివితే గుండె కలుక్కుమంటుంది. అందరూ కలిసి ఉండడమే వాక్యానుసారమని ముందు ఒప్పుకుంది, ఆ తరువాత "కొందరి బలహీనత" కారణంగా, అవసరమైన చోట, వేరుగా ఆరాధించుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. ఆ బలహీనతకు ఇచ్చిన సెలవు 1881లో వేరే సంఘమైంది, 1948 తరువాత దేశానికి చట్టమైంది. ఎవరు ఎక్కడ నివసించాలి, ఎవరు ఎవరిని పెళ్లాడాలి, ఎవరు ఏ బెంచీ మీద కూర్చోవాలి అన్నవన్నీ రాసిన రాజ్యం ఒక సంస్కారపు బల్ల దగ్గర సర్దుబాటుతో మొదలైన దారిలో నడిచి వచ్చింది.

అక్కడి నుంచి వెనక్కి రావడం కూడా బల్ల దగ్గరే మొదలైంది. 1982లో ఒట్టావాలో కూడిన ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాల కూటమి వర్ణవివక్షను సమర్థించే దైవశాస్త్రం తప్పుడు బోధ అని ప్రకటించింది. అదే సంవత్సరం, ఆ వేరు చేయబడిన మిశ్రమవర్ణుల సంఘమే బెల్హార్ అనే చోట ఒక విశ్వాస ప్రమాణం రాసుకుని 1986లో దాన్ని ఆమోదించుకుంది. సంఘ ఐక్యత క్రీస్తు ఇచ్చిన వరమూ అప్పగించిన బాధ్యతా అనీ, అది కంటికి కనబడేలా ఉండాలనీ, అణచబడినవారి పక్షాన దేవుడు ప్రత్యేకంగా నిలబడతాడనీ అందులో ఉంది. 2010లో ఆ ప్రమాణాన్ని తన విశ్వాస ప్రమాణాలలో ఒకటిగా స్వీకరించిన సంఘాలలో అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి ఒకటి. చిత్తూరుకు స్కడ్డర్లను పంపిన సంఘం అదే. ఆ ఆర్కాటు మిషన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి గనుక బెల్హార్ మాట మా ఊరి దాకా రాలేదు. రావలసింది. పెంచిన తల్లి తన తప్పు ఒప్పుకున్న సంగతి బిడ్డలకు ఎవరూ కబురు పెట్టలేదన్న బాధ నాకు ఉంది.

మా ఊరిలో రెండు పాత్రల పద్ధతి పోయింది. ఎలా పోయిందో చెప్పాలి. ఒక క్రిస్మస్‌కు పట్నంలో స్థిరపడిన కుటుంబం ఒకటి చర్చికి చిన్న చిన్న గ్లాసులు, వాటిని పెట్టే గుండ్రటి చిల్లుల పళ్లెం కానుకగా ఇచ్చింది. వేలి పొడవున్న గ్లాసు, ఒక్క గుక్క ద్రాక్షారసం, మనిషికి ఒకటి. శుభ్రంగా ఉంటుందని, జబ్బులు అంటవని అయ్యగారు చెప్పారు, అందరూ సంతోషించారు. వెండి పాత్ర, స్టీలు గ్లాసు రెండూ బీరువాలోకి వెళ్లాయి. ఎవరూ క్షమాపణ అడగలేదు, ఎవరూ క్షమించలేదు, ఫలానా పని పాపం అని ఒక్క ప్రార్థనలో ఒక్క మాట రాలేదు. మైలను తీసేయడానికి బదులు ఎవరి మైల వాళ్ల గ్లాసులోనే ఉండేలా ఏర్పాటు జరిగింది. దేవుని దయ వల్ల సమస్య తీరిందని ఆ రోజు నేను కూడా అనుకున్నాను. మూడేళ్లకు మా అవ్వ చనిపోయింది. సమాధుల తోటలో గోడ వెంబడి చోటు ఖాళీగా ఉంది, కానీ అది వాళ్ల వైపు. మా వైపు కాలువ పక్కన గొయ్యి తీశారు. తవ్వుతుంటే నీళ్లు ఊరాయి.

పాపపు ఒప్పుకోలు అనేది ప్రతి ఆదివారం చదివే నాలుగు వాక్యాలు కాదని, అది ఒక రాజకీయ చర్య కూడా అని నేను నమ్మడానికి కారణం ఒక కోర్టు తీర్పు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడు, అలాంటి పనివాళ్లకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బంకు తనకు ఎందుకు రాదని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూమతం కాని మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డ్ కులాల కిందికి రారు. ఆ పేరాలో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. 1985లో వచ్చిన తీర్పులో కోర్టు చెప్పినది ఇది: మతం మారిన తరువాత కూడా కులం కొనసాగుతోందని చూపిస్తే చాలదు, ఆ కులం వల్ల కలిగే అణచివేత అదే తీవ్రతతో క్రైస్తవ సమాజంలోనూ కొనసాగుతోందని రుజువు చేయాలి. సూసై తగిన ఆధారాలు చూపలేకపోయాడు, ఓడిపోయాడు.

ఆ తీర్పు నన్ను ఇన్నేళ్లుగా వదలలేదు. ఆధారం ఎవరి దగ్గర ఉంది? మా చర్చి బీరువాలో ఉంది. అంచు సొట్టపడిన స్టీలు గ్లాసు ఆ ఆధారం. కానీ మా సంఘాలు వేదిక మీద "క్రీస్తునందు కులం లేదు" అంటాయి, విజ్ఞాపన పత్రాలలో "కులం మమ్మల్ని వెంటాడుతోంది" అంటాయి. ఈ రెండు మాటలకూ మధ్య ఒక మూడో మాట ఉంది, అది ఎవరూ అనరు: మేము చేశాము. సంఘం తన పాపాన్ని ఊరూ పేరూ చెప్పి ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలే తన బిడ్డల హక్కుకు సాక్ష్యమవుతుంది. ఒప్పుకోకపోతే, తన పరువు కాపాడుకోవడానికి తన బిడ్డలనే అబద్ధికులుగా నిలబెడుతుంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతం షరతును తీసేయాలని సిఫారసు చేసింది. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో దళిత క్రైస్తవులను షెడ్యూల్డ్ కులాలలో చేర్చాలని తీర్మానం చేసింది. విషయాన్ని పరిశీలించడానికి మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన 2022 అక్టోబరులో కేంద్రం కమిషన్ వేసింది. ఈ అడుగులన్నీ రాజ్యం వేసినవి. సంఘం వేయవలసిన అడుగు ఒకటి మిగిలే ఉంది.

మా ఇంట్లోనే ఈ చీలిక ఉంది. మా తమ్ముడు బడిలో చేరేటప్పుడు మతం అన్న చోట హిందూ అని రాయించారు. నాకు ఎవరో ఉపాధ్యాయుడు క్రైస్తవ అని రాశాడు. తమ్ముడికి ఎస్సీ ధృవీకరణ పత్రం వచ్చింది, ఉద్యోగం వచ్చింది. నాకు బీసీ-సి వచ్చింది, అంటే మతం మారిన షెడ్యూల్డ్ కులాల వారికి మన రాష్ట్రంలో ఉన్న ఒక్క శాతం రిజర్వేషన్. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే బావి నీళ్లతో నింపిన తొట్టిలో బాప్తిస్మం అయింది. తమ్ముడిని ద్వంద్వ జీవితం అని దెప్పేవారు సంఘంలోనూ ఉన్నారు, బయటా ఉన్నారు. నేను ఆ మాట అనలేను. ఆకలిని ఒక వైపు, విశ్వాసాన్ని ఒక వైపు పెట్టి ఒకదాన్ని ఎంచుకోమని ఒక పదేళ్ల పిల్లవాడిని అడిగిన కాగితానిదే తప్పు. అయితే నేను నా కూతురి దరఖాస్తులో క్రైస్తవ అనే రాశాను. రాసేటప్పుడు చేయి ఆగింది. తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాలు రెండూ షెడ్యూల్డ్ కులాలకు కేటాయించినవే. అందుకని మా ప్రాంతంలో అభ్యర్థి ఏ గుడికి వెళ్తాడు, ఏ ప్రార్థన చేస్తాడు అన్నది కూడా రాజకీయ ప్రశ్నే. నా కూతురు ఎప్పుడైనా ఆ దారిలో నడవాలనుకుంటే తలుపు మూసింది నేనే అవుతాను.

తెలుగు భాషలో ఒక విశేషముంది. ప్రభువు అన్న మాటలో నుంచే ప్రభుత్వం అన్న మాట వచ్చింది. యేసు ప్రభువు అని ఒప్పుకున్న తొలి క్రైస్తవులు, కైసరే, అంటే రోమా చక్రవర్తే, ప్రభువు అన్న రోజుల్లో ఒప్పుకున్నారు. గ్రీకులో ఆ మాట ఎంత ప్రమాదకరమో మన తెలుగులోనూ అంతే స్పష్టంగా వినబడాలి. "కైసరువి కైసరునకును దేవునివి దేవునికిని చెల్లించుడి" అన్న వాక్యాన్ని పన్ను కట్టడానికీ, నోరు మూసుకోవడానికీ వాడుకుంటాం. దేనారము నాణెం మీద ఎవరి రూపముందని యేసు అడిగాడు. కైసరు రూపముంది, గనుక అది కైసరుకు. మరి దేవుని స్వరూపం ఎవరి మీద ఉంది? ఆదికాండం మొదటి అధ్యాయం ప్రకారం మనిషి మీద, ప్రతి మనిషి మీద, చాప మీద కూర్చున్న మనిషి మీద కూడా. కైసరుకు వెళ్లకూడనిది ఏమిటో ఆ వాక్యం చెబుతోంది.

కానీ మన సంఘాలు కైసరు నుంచి తీసుకోవడం బాగా అలవాటు చేసుకున్నాయి. యెరూషలేము యాత్రకు ప్రభుత్వం ఇచ్చే సహాయం, వార్షికాదాయం మూడు లక్షల లోపు ఉన్నవారికి, 2019లో 40,000 రూపాయల నుంచి 60,000కు పెరిగింది. పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం వచ్చింది. పేద పాస్టరు ఇంట్లో ఆ డబ్బు ఏ బియ్యం బస్తాగా మారుతుందో నాకు తెలుసు, అందుకని ఆ మనుషులను నేను నిందించను. అయినా ఆ డబ్బు వచ్చిన తరువాత పాలకుల తప్పును వేదిక మీద నుంచి పేరు పెట్టి చెప్పే గొంతులు తగ్గాయని నా పరిశీలన. డిసెంబరులో సెమీ క్రిస్మస్ వేదిక మీద నాయకుడు కేకు కోస్తాడు, మనం శాలువా కప్పుతాం, ఆయన కోసం చేతులు చాపి ప్రార్థిస్తాం. అధికారుల కోసం ప్రార్థించమని వాక్యమే చెప్పింది, అది మంచిదే. రోమా పత్రిక పదమూడో అధ్యాయం చదివే మనం ప్రకటన గ్రంథం పదమూడో అధ్యాయం కూడా చదవాలి. మొదటిదానిలో అధికారం దేవుని పరిచారకుడు, రెండోదానిలో అదే అధికారం మృగం. 1934లో జర్మనీలోని బార్మెన్‌లో కూడిన సంఘాలు ఈ రెండో అధ్యాయాన్ని మరచిపోలేదు. మన జీవితంలో యేసుక్రీస్తుకు కాక వేరే ప్రభువులకు చెందిన భాగం ఏదీ లేదని, హిట్లరు గద్దెనెక్కిన మరుసటి ఏడాదే ఆ సంఘాలు ప్రకటించాయి.

ఇదంతా నేను తిరుపతిలో కూర్చుని రాస్తున్నాను, అది కూడా చెప్పాలి. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊరిలో ఉంటున్నాను. తెల్లవారుజామున అలిపిరి వైపు నడిచే భక్తుల గోవింద నామాలతో మా వీధి నిద్ర లేస్తుంది. ఈ ఊరిలో క్రైస్తవుడు కొత్తవాడేమీ కాదు. 1865లో సూళ్లూరుపేటకు వచ్చిన హెర్మాన్స్‌బర్గ్ మిషన్ నుంచి పుట్టిన దక్షిణాంధ్ర లూథరన్ సంఘానికి కేంద్రం తిరుపతే. ఇక్కడ క్రైస్తవులు ఒకరినొకరు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ప్రసాదం తినవచ్చా? పొరుగువాళ్లు కొండ నుంచి లడ్డూ తెస్తారు, మనం ఏమి చేయాలి? కొందరు పాస్టర్లు ముట్టుకోవద్దంటారు. కొందరు విశ్వాసులు గుమ్మం దగ్గరే వద్దని పంపేస్తారు.

పౌలు కొరింథీయులకు రాసినప్పుడు ఈ ప్రశ్నకు మూడు అధ్యాయాలు కేటాయించాడు. ఆయన మొదటి మాట ప్రసాదం గురించి కాదు: "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును." పిలిచిన ఇంటికి వెళ్లి వడ్డించినది విచారించకుండా తినమన్నాడు. ఇది అర్పింపబడినదని ఎవరైనా చెబితే, ఆ చెప్పిన మనిషి మనస్సాక్షి కోసం తినవద్దన్నాడు. ఆ మాట ప్రకారం నేను తినను. కానీ రెండు చేతులతో తీసుకుంటాను, ఇచ్చిన మనిషి ఎదుట దాన్ని తక్కువ చేయను, మా ఇంటికి వచ్చే సాటి ఉద్యోగికి గౌరవంగా ఇస్తాను. నా పొరుగువారికి ఇది తెలుసు, దాచలేదు.

మా పక్కింటి పెద్దమ్మకు తెలిసిన తరువాత ఆమె చేసిన పనిని నేను మరచిపోలేను. ఒక వరలక్ష్మీ వ్రతం రోజు, ఇంకా ఎనిమిది కాకముందే, చెంబులో పాయసం పోసుకుని, మూత మీద తడిగుడ్డ కప్పి తీసుకొచ్చింది. ఆమె కొడుకు ఇంట్లో నుంచి అరుస్తున్నాడు, ఇంకా పూజే కాలేదు, నైవేద్యం పెట్టలేదు అని. ఆమె వినిపించుకోలేదు. "అమ్మవారికి పెట్టకముందే మీకు తీసినాను నాయనా, ఇది మీ అమ్మ తినొచ్చు గదా" అంది. తన దేవత కంటే ముందు మా అమ్మకు వడ్డించడం ఆమె పెరిగిన పద్ధతిలో చిన్న విషయం కాదు. తన మనస్సాక్షిని కొంచెం పక్కకు జరిపి మా మనస్సాక్షికి చోటు ఇచ్చింది. బలవంతుడు బలహీనుడి కోసం చేయాలని పౌలు కొరింథు సంఘాన్ని బతిమాలింది ఇదే. కొరింథు వాళ్లు చేయలేదు, మా ఊరి చర్చి చేయలేదు, పక్కింటి పెద్దమ్మ చేసింది. యేసు చెప్పిన కథలో దేవుడు తన ప్రజలను సిగ్గుపరచడానికి పరాయివాడైన సమరయుడిని వాడుకున్నట్టు ఆమెను వాడుకున్నాడని నేను నమ్ముతాను. కొండ మీద 1985 నుంచి నడుస్తున్న నిత్యాన్నదానంలో పక్కన కూర్చున్నది ఎవరో అడగకుండా వేలమంది ఒకే పంక్తిలో తింటారని నా సహోద్యోగులు చెబుతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా చర్చి చాపలు గుర్తుకొస్తాయి.

నిరుడు సంక్రాంతి సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఒక వినతిపత్రం రాసి తీసుకెళ్లాను. పరిశుద్ధ గురువారం నాడు చిన్న గ్లాసులు పక్కన పెట్టి, ఒక్క పాత్రతో సంస్కారం జరపాలనీ, ఆరాధనకు ముందు ఈ సంఘంలో ఇన్ని సంవత్సరాలు రెండు పాత్రలు వాడామనీ, సమాధుల తోటలో గోడ వెంబడి చోటు కొందరికి నిరాకరించామనీ పెద్దగా చదివి ఒప్పుకోవాలనీ అందులో రాశాను. ఆ ఒప్పుకోలు ప్రతిని బాలకృష్ణన్ కమిషన్‌కు పంపాలని చివరి వాక్యం. కమిటీలో ఇద్దరు, పాత గాయాలు రేపడమెందుకన్నారు. ఒకరు, ఇది బయటికి పోతే మన మతం మీద పడి నవ్వుతారన్నారు. అయ్యగారు ఏమీ తేల్చలేదు.

సాయంత్రం పై వాడ నుంచి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. ఎనభై దాటాయి, చూపు సరిగా ఆనదు, మనవడు చేయి పట్టుకుని తెచ్చాడు. చాలాసేపు వానల గురించి, మామిడి పూత గురించి మాట్లాడాడు. ఆ తరువాత, ఆ స్టీలు గ్లాసు సంతలో కొని చర్చికి తెచ్చింది మా నాయనే అన్నాడు. ఎందుకు తెచ్చాడో కూడా చెప్పాడు, అది ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు. కాగితం చదివి వినిపించమన్నాడు. రెండుసార్లు విన్నాడు. పెన్ను అడిగి, మనవడు వేలు పెట్టి చూపించిన చోట, పేరులోని ప్రతి అక్షరాన్నీ విడివిడిగా దిద్దాడు. పెన్ను తిరిగి ఇవ్వలేదు. కాగితం కొంచెం పైకి జరపమని, పేరు కింద తన వాడ పేరు కూడా రాశాడు.